నీటిమీద గీత

"ఏటి బాబూ, సదూకున్నందుకు మనం కట్టక్కర్నేదు సరే, తిరిగి ఆళ్ళే మనకి డబ్బులిస్తారేటి?"

2025 ఫిబ్రవరి నెలాఖరున ఒక సాయంకాలం మా ఇంటి వరండాలో నిలబడి, ఎంత చెప్పినా కుర్చీలో కూర్చోకుండా, ఒక పెద్దమనిషి నన్నడిగిన ప్రశ్న ఇది. ఆయనది శ్రీకాకుళం జిల్లాలో సముద్రపుటొడ్డున ఒక పల్లె. వృత్తి వేట. ఆయన కూతురు మా కాలేజీలో డిగ్రీ చదివి, తరువాత రాజనీతిశాస్త్రంలో ఎం.ఏ. పూర్తిచేసి, ఆ నెలలోనే జూనియర్ రిసెర్చి ఫెలోషిప్ పరీక్ష నెగ్గింది. కూతురు చెప్పిన మాట నిజమో కాదో తేల్చుకుందామని ఆయన బస్సెక్కి నా దగ్గరికి వచ్చాడు.

నిజమేనని చెప్పాను. మొదటి రెండేళ్ళు నెలకు 37,000 రూపాయలు. పని సరిగా సాగుతున్నదని తేలితే ఆ తరువాత మూడేళ్ళు నెలకు 42,000. 2023 జనవరి నుంచి వచ్చిన రేట్లు ఇవి. ఇంటద్దె భత్యం వేరు. ఆయన వేళ్ళమీద ఏదో లెక్క వేసుకున్నాడు.

"అయితే ఆళ్ళకేటి లాబం?" అన్నాడు.

నేను నీళ్ళు నమిలాను. సుమారు ఇరవై ఏళ్ళుగా పిల్లలకు పాఠం చెబుతున్నాను గాని, ఒక మనిషి అయిదేళ్ళపాటు ఒక ప్రశ్న పట్టుకొని కూర్చుంటే ప్రభుత్వానికి ఏం లాభమో ఇంత సూటిగా నన్నెవరూ అడగలేదు. ఆ జవాబు దొరకడానికి మాకు ఆరు నెలలు పట్టింది. ఈ వ్యాసం ఆ ఆరు నెలల కథ. ఇంట్లో ఎం.ఏ. చదివే పిల్లలున్నవారికి పనికివచ్చే సంగతులు కొన్ని ఇందులో ఉన్నాయి. పనికిరానిది, అయినా నా మనసులోంచి పోనిది, ఒకటి చివర ఉన్నది.

ముందు పనికివచ్చే సంగతులు చెబుతాను.

విశ్వవిద్యాలయాల గ్రాంట్ల సంఘం తరఫున ఏటా రెండుసార్లు, జూన్, డిసెంబరు విడతలుగా, 'నెట్' అనే పరీక్ష జరుగుతుంది. మూడు గంటల వ్యవధి, 150 ప్రశ్నలు, 300 మార్కులు. మొదటి పత్రం అందరికీ ఒకటే. రెండవది ఎవరి శాస్త్రం వారిది. రాజనీతిశాస్త్రానికి ఒక పత్రం ఉన్నది. అంతర్జాతీయ సంబంధాలకు విడిగా మరొకటి ఉన్నది. తప్పు జవాబు రాస్తే మార్కులు కోసెయ్యరు. ఫెలోషిప్‌కు వయసు 30 దాటకూడదు. స్త్రీలకు, వెనుకబడిన తరగతులవారికి, షెడ్యూల్డు కులాలు తెగలవారికి, వికలాంగులకు అయిదేళ్ళు సడలింపు. ఎం.ఏ. చివరి సంవత్సరంలో ఉన్నవారు కూడా రాయవచ్చు. అయితే భాషల పత్రాలు మినహా ప్రశ్నలు ఇంగ్లీషులోను, హిందీలోను మాత్రమే ఉంటాయి. డిగ్రీ దాకా తెలుగులో చదివిన పిల్లలకు అసలు పరీక్ష అక్కడే మొదలవుతుంది.

ఈ అమ్మాయి ఆ పరీక్ష మూడుసార్లు రాసింది. మొదటిసారి 2024 జూన్ 18న. మర్నాటికల్లా ఆ పరీక్ష దేశమంతటా రద్దయింది. ఆగస్టు 21 నుంచి సెప్టెంబరు 4 వరకు మళ్ళీ జరిపినప్పుడు రెండోసారి రాసింది. పి.హెచ్‌డి. ప్రవేశానికి అర్హత వచ్చింది గాని, ఫెలోషిప్ కొద్దిలో తప్పింది. డిసెంబరు విడత పరీక్ష 2025 జనవరిలో జరిగింది. అప్పుడు గట్టెక్కింది.

ఫలితం వచ్చిన రోజున వాళ్ళ పల్లెలో మిఠాయి పంచారట. ఆ మిఠాయి కాస్త తొందరపడి పంచారు. పరీక్ష నెగ్గితే వచ్చేది అర్హతపత్రం మాత్రమే. మూడేళ్ళలోగా ఏదో ఒక విశ్వవిద్యాలయం ఆమెను పరిశోధకురాలిగా చేర్చుకోవాలి. చేరితేనే సొమ్ము. చేర్చుకొనేముందు, 'నీవు దేనిమీద పరిశోధన చేస్తావు?' అని అడుగుతారు. దానికి నాలుగైదు పేజీల ప్రతిపాదన రాసి, ఇంటర్వ్యూలో పెద్దల ముందు కూర్చొని నిలబెట్టుకోవాలి. బట్టీపట్టి పరీక్ష దాటవచ్చునేమో గాని, ఈ రెండో గడప బట్టీతో దాటడం కష్టం.

మార్చి మొదటివారంలో ఆమె తన ప్రతిపాదన తెచ్చి నా బల్లమీద పెట్టింది. పన్నెండు పేజీలు, ఇంగ్లీషులో. ఇండో-పసిఫిక్ ప్రాంతంలో చైనా ప్రాబల్యం, భారతదేశం ముందున్న సవాళ్ళు, అవకాశాలు – అదీ విషయం.

"తెలుగు పంతులుకి ఇదెందుకమ్మా తెచ్చావు?" అన్నాను.

"మా ఎం.ఏ. మాస్టార్లు బాగుందన్నారండి. కాని చదువుతుంటే నాకే నాది కాదనిపిస్తోంది. మీరు చూడండి."

నాకు అంతర్జాతీయ రాజకీయాలు తెలియవు. నాకు తెలిసిన విద్య ఒక్కటే. పద్యం అర్థం కానప్పుడు మా గురువులు మాచేత అన్వయం చెప్పించేవారు. కర్త ఎవరు, కర్మ ఏది, క్రియ ఏది? ఈ మూడూ దొరికితే ఎంత కొరుకుడుపడని పద్యమైనా దారికి వస్తుంది. ఆ అమ్మాయి మొదటి వాక్యానికి అదే పద్ధతి పెట్టాను. 'మారుతున్న ప్రపంచ పరిస్థితుల నేపథ్యంలో వ్యూహాత్మక పునస్సమీకరణ ఆవశ్యకత ప్రాధాన్యం సంతరించుకుంటున్నది' అనే ధోరణిలో ఉన్నది ఆ వాక్యం.

"కర్త ఎవరమ్మా?"

"ఆవశ్యకత అండి."

"ఆవశ్యకత ఎవరికి?"

ఆమె మాట్లాడలేదు. పన్నెండు పేజీలూ తిరగేశాం. ఎక్కడా మనిషి లేడు. దేశాలున్నాయి, వ్యూహాలున్నాయి, సవాళ్ళున్నాయి. ఎవరు ఎవరిని ఏం చేశారో చెప్పే వాక్యం ఒక్కటి లేదు. పోనీ, నీవు తెలుసుకోదలచినదేమిటో తెలుగులో అయిదు వాక్యాలలో చెప్పమన్నాను. రెండో వాక్యం దగ్గర ఆగిపోయింది.

"సరే, అసలు నీకీ శాస్త్రం మీద ఇష్టం ఎప్పుడు పుట్టింది?" అని అడిగాను.

అప్పుడు చెప్పింది. ఆమె ఇంటర్మీడియేటు చదివే రోజుల్లో, 2018 నవంబరులో జరిగిన సంగతి. మా ఉత్తరాంధ్ర తీరంలో సరైన రేవులు లేక, వేటగాళ్ళు వందల సంఖ్యలో గుజరాత్‌లోని వెరావల్‌కు వలసపోతారు. అక్కడి యజమానుల బోట్లమీద ఆగస్టు మొదలు వేసవి దాకా పనిచేస్తారు. బోటు నడిపే పెద్దను తండేలు అంటారు. ఆ నవంబరులో అలాంటి బోట్లు కొన్నింటిని పాకిస్తాన్ సముద్ర రక్షణ దళం పట్టుకొన్నది. మావాళ్ళను కరాచీ జైలులో పెట్టారు. 2020 జనవరి 6న వాఘా దగ్గర ఇరవైమందిని మన అధికారులకు అప్పగించారు. పద్నాలుగు నెలలు. ఈమె తండ్రి కూడా ఆ ఏడు వెరావల్‌లోనే ఉన్నాడు, వేరే బోటుమీద. ఆయన బోటు ఏదో తెలిసేదాకా రెండు రోజులు ఆ ఇంట్లో పొయ్యి వెలగలేదు.

"ఆ రెండు రోజులూ అందరూ ఒకటే మాట అంటున్నారు మాస్టారూ. గీత దాటారు, గీత దాటారు అని. నీటిమీద గీత ఎవరు గీశారో, ఎక్కడుందో నాకు చెప్పినవాళ్ళు లేరు. అందుకే రాజనీతిశాస్త్రం తీసుకున్నాను."

"మరి ఇది రాయకుండా చైనా ఎందుకు రాశావు?"

"అది మా ఇంటి గోల కదండీ. అంతర్జాతీయ వ్యవహారం ఎలా అవుతుంది?"

ఈ మాట దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. మా వైపు ముసలివాళ్ళను అడగండి. రంగూన్ అంటే వాళ్ళకు తెలియకపోవచ్చు గాని, 'రంగం' అంటే తెలుస్తుంది. మా నాయనమ్మ కాపరానికి వచ్చేనాటికి ఆ వీధిలో రంగం వెళ్ళినవాడు లేని ఇల్లు లేదట. 1941 డిసెంబరులో జపాన్‌వారు రంగూన్‌మీద బాంబులు వేశారు. ఆ తరువాత లక్షలమంది భారతీయులు కొండలు, అడవులు దాటి కాలినడకన తిరిగివచ్చారు. అందులో మావాళ్ళు ఎందరో. మళ్ళీ 1960లలో బర్మా ప్రభుత్వం వ్యాపారాలన్నీ జాతీయం చేసినప్పుడు ఇంకొక వరుస వచ్చింది. విశాఖపట్నంలో కంచరపాలెం దగ్గర బర్మా క్యాంపు అనే పేట ఉన్నది. ఆ పేరు చాలు. విదేశాంగ విధానం మా నట్టిళ్ళలోకి వచ్చి వందేళ్ళయింది. దానికి ఆ పేరున్నదని మాకు ఎవరూ చెప్పలేదు, అంతే.

ఆ మాటే ఆమెతో అన్నాను. ఇంటి గోల అయినంతమాత్రాన అంతర్జాతీయ వ్యవహారం కాకుండా పోదు. అయితే ఇంటి గోల చెప్పుకొన్నంతమాత్రాన పరిశోధన కూడా అయిపోదు. గోలలోంచి ప్రశ్న తీయాలి. అది నీ పని.

ఏప్రిల్ నెలంతా ఆ పనిలోనే గడిచింది. ఇక్కడ నాకు మళ్ళీ మా వ్యాకరణమే అక్కరకు వచ్చింది. వాక్యం వాక్యం కావాలంటే ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి అని మూడు ఉండాలంటారు పెద్దలు. ప్రతిపాదనకూ అంతే.

ఆకాంక్ష అంటే ఒక మాట వినగానే తరువాతి మాట కోసం కలిగే ఎదురుచూపు. 'రాముడు' అని ఊరుకొంటే, ఏం చేశాడని అడుగుతాం. ప్రతిపాదన మొదటి పేరా చదివినవాడికి 'మరి ఎందుకలా జరిగింది?' అనిపించాలి. సవాళ్ళు, అవకాశాలు అంటే ఎవరికీ ఏమీ అనిపించదు.

యోగ్యత అంటే పొసగడం. 'నిప్పుతో తడిపాడు' అన్న మాటలో వ్యాకరణం తప్పు లేదు, అర్థమే పొసగదు. కరాచీ వెళ్ళి అక్కడి దస్తావేజులు చూస్తానని మన పిల్ల రాస్తే అది నిప్పుతో తడపడమే. వీసా ఎవరిస్తారు? కాని తిరిగివచ్చిన వేటగాళ్ళు శ్రీకాకుళంలో ఉన్నారు. యజమానులు వెరావల్‌లో ఉన్నారు. పార్లమెంటులో ప్రభుత్వం ఇచ్చిన జవాబులు ఉన్నాయి, కోర్టు తీర్పులు ఉన్నాయి. ఒక విద్యార్థిని అయిదేళ్ళలో చూడగలిగినవి ఇవి. వాటితో తేలే ప్రశ్ననే అడగాలి.

సన్నిధి అంటే దగ్గరితనం. ఇవాళ ఒక మాట, రేపు ఒక మాట పలికితే వాక్యం కాదు. ప్రశ్న మొదటి పేజీలోను, దానికి సాక్ష్యం ఎక్కడ దొరుకుతుందన్నది ఆరో పేజీలోను ఉంటే చదివేవాడికి లంకె తెగిపోతుంది. ప్రతి ప్రశ్న పక్కనే 'దీన్ని ఎక్కడ చూస్తాను' అన్న వాక్యం ఉండాలి.

నేను ఇంతవరకే చెప్పగలిగాను. తక్కినదంతా ఆమె చదివి నాకు చెప్పింది. తీరంనుంచి పన్నెండు నాటికల్ మైళ్ళ వరకు నీరు ఆ దేశపు నేలతో సమానం. రెండువందల మైళ్ళ వరకు నీటిలోని సంపదమీద హక్కు మాత్రం ఆ దేశానిది. 1982 నాటి ఐక్యరాజ్యసమితి సముద్ర న్యాయ ఒప్పందం ఈ సంగతి చెబుతున్నది. దానికి మనం 1995లోను, పాకిస్తాన్ 1997లోను ఆమోదం తెలిపాం. ఆ ఒప్పందంలో 73వ అధికరణం ఒకటున్నది. ఆ రెండువందల మైళ్ళ మండలంలో చేపల చట్టాలను అతిక్రమించినవారికి, ఆ దేశాల మధ్య వేరే ఒడంబడిక లేనప్పుడు, జైలుశిక్ష విధించకూడదు. ఇక గీత విషయం. గుజరాత్, సింధు ప్రాంతాల నడుమ సర్ క్రీక్ అనే పాయ ఉన్నది. దాని సరిహద్దు ఏ ఒడ్డున, ఏ మధ్యన అన్నది రెండు దేశాలూ తేల్చుకోలేదు. పాయ తేలలేదు కాబట్టి, అది కలిసే సముద్రంలో గీతా తేలలేదు. పల్లెలో అందరూ దాటారన్న గీత అసలు గీయనే లేదన్నమాట!

అంతకంటె నన్ను ఆశ్చర్యపరచింది మరొకటి. 2008 మే 21న రెండు దేశాలూ ఒక ఒప్పందం రాసుకొన్నాయి. దాని ప్రకారం ఏటా జనవరి 1న, జూలై 1న ఒకరి జైళ్ళలో ఉన్న మరొకరి మనుషుల జాబితాలు ఇచ్చిపుచ్చుకోవాలి. 2025 జనవరి 1 నాటి జాబితాలలో పాకిస్తాన్ చెరలో 217మంది మన వేటగాళ్ళు. మన చెరలో 81మంది వాళ్ళ వేటగాళ్ళు. వీరు గాక ఇతర ఖైదీలు వేరు.

ఈ అంకె ఇంట్లో చెప్పినప్పుడు వాళ్ళమ్మ చేపల తట్ట దించుకొంటూ, "మనోళ్ళ దగ్గిరీ ఆళ్ళోళ్ళున్నారేటే? ఆళ్ళకీ పెళ్ళాం బిడ్డలుంటారు గావాల" అన్నదట. అమ్మాయి ఆ మర్నాడే ప్రతిపాదనలో 'భారత మత్స్యకారులు' అన్నచోటల్లా 'ఇరుదేశాల మత్స్యకారులు' అని దిద్దింది. పన్నెండు పేజీల మొదటి ప్రతిలో ఆ పాటి వివేకం లేదు.

ఏప్రిల్ 22న పహల్‌గామ్‌లో 26మందిని ఉగ్రవాదులు కాల్చిచంపారు. మర్నాడు మన ప్రభుత్వం సింధు జలాల ఒప్పందాన్ని నిలిపివేస్తున్నట్టు ప్రకటించింది. మే 7 నుంచి 10 దాకా రెండు దేశాల మధ్య కాల్పులు, క్షిపణులు, డ్రోన్లు. ఆ వారం మా వీధిలో కూడా రాత్రి పదకొండు దాకా రేడియో, టీవీ ఆగలేదు. వీసాలు ఆగాయి, రాకపోకలు ఆగాయి.

అమ్మాయి మా ఇంటికి వచ్చింది. మొహంలో కత్తివాటుకి నెత్తురు చుక్క లేదు.

"నాన్న ఆ ఊసెత్తొద్దంటున్నాడు. పాకిస్తాన్ మాట రాస్తే ఎవరేమనుకుంటారో అని భయం. మళ్ళీ చైనాకే పోదామా మాస్టారూ?"

నాకూ భయం వేయకపోలేదు. ఒకరి బిడ్డ బతుకుతో నేను ప్రయోగం చేస్తున్నానేమోనని ఆ రాత్రి నిద్ర పట్టలేదు. చైనా రాసి ఉంటే ఎవరి కంటా పడకుండా ఏదో ఒక సీటు రావచ్చునేమో. ఆమెకు ఏ సలహా ఇవ్వడానికీ నాకు ధైర్యం చాలలేదు. "జూలై ఒకటి దాకా ఆగు. ఆ రోజున జాబితాలు ఇచ్చుకొంటారో లేదో చూద్దాం. ఇచ్చుకోకపోతే నీ ప్రశ్న చచ్చిపోయినట్టే" అన్నాను.

జూలై ఒకటి వచ్చింది. మధ్యాహ్నం క్లాసు ముగించుకొని వచ్చేసరికి ఫోనులో ఆమె పంపిన వార్త ఉన్నది. రెండు దేశాలూ జాబితాలు ఇచ్చిపుచ్చుకొన్నాయి. పాకిస్తాన్ చెరలో 193మంది మన వేటగాళ్ళు. మన చెరలో 81మంది వాళ్ళవాళ్ళు. ఏడు వారాల కిందట క్షిపణులు విసురుకొన్న ప్రభుత్వాలు, నదుల ఒప్పందాన్ని పక్కన పెట్టిన ప్రభుత్వాలు, బెస్తపల్లెల మనుషుల పేర్లున్న కాగితాన్ని మాత్రం తేదీ తప్పకుండా చేతులు మార్చుకొన్నాయి.

ఆదివారం నేను వాళ్ళ పల్లెకు వెళ్ళాను. ఒడ్డున వలలు బాగుచేసుకొంటున్న తండ్రికి అమ్మాయి ఈ సంగతి చెప్పింది. ఆయన దారం తెంపుతూ విన్నాడు.

"అంటే ఇంత గొడవలోనూ ఆ కాయితం ఆగనేదు."

"ఆగలేదు నాన్నా."

"మరి కాయితం ఆగనప్పుడు మనుసులెందుకాగిపోతన్నారు? శిచ్చ అయిపోయినోడు కూడా ఆడే ఉంటన్నాడు గదా. అది సూడాల ఎవులైనా."

నేను అమ్మాయివైపు చూశాను. ఆమె నావైపు చూసింది. నాలుగు నెలలుగా మేమిద్దరం అన్వయం కుదుర్చుకోలేక తంటాలు పడుతున్న వాక్యం అది. ఒక కాగితం ఎందుకు నిలిచింది, దానిమీది మనుషులు ఎందుకు కదలరు? ఖైదీల సంగతి చూడడానికి రెండు దేశాల విశ్రాంత న్యాయమూర్తులతో 2007లో ఒక సంఘం ఏర్పడిందనీ, అది చివరిసారి జైళ్ళు చూసినది 2013లో అనీ ఆమె అప్పటికే చదివి ఉన్నది. ప్రతిపాదన ఆ రాత్రే నాలుగు పేజీలలో కుదిరింది.

"ఆళ్ళకేటి లాబం?" అని ఫిబ్రవరిలో ఆయన అడిగినదానికి జవాబు కూడా నాకక్కడే దొరికింది. ప్రపంచ వ్యవహారాలను మనవాళ్ళే చదివి ఆలోచించాలని 1943లో, ఇంకా స్వాతంత్ర్యం రాకముందే, భారత ప్రపంచ వ్యవహారాల మండలి ఏర్పడింది. 1955లో ఢిల్లీ సప్రూ హౌస్‌లో అంతర్జాతీయ అధ్యయనాల విద్యాలయం తెరిచారు. హృదయనాథ్ కుంజ్రూ వంటి పెద్దలు దాని వెనుక ఉన్నారు. 1970లో అది జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయంలో కలిసింది. అప్పటివరకు మన సరిహద్దులు, ఒప్పందాలు ఎవరో గీస్తే మనం పడినవి. వాటిని 'ఎందుకు?' అని కూర్చొని అడిగే మనుషులు దేశానికి కావాలి. కూర్చోవడానికి తిండి ఉండాలి. ఆ తిండి పేరే ఫెలోషిప్. 'అది సూడాల ఎవులైనా' అన్నాడు కదా. ఆ ఎవులైనా చూడడానికి ఇచ్చే జీతం అది.

ఇంటర్వ్యూ జూలై మూడోవారంలో, ఢిల్లీలో ఒక విశ్వవిద్యాలయంలో జరిగింది. ముగ్గురు పెద్దలు కూర్చున్నారట. మొదటి ప్రశ్నే 73వ అధికరణం మీద.

"జైలుశిక్ష కూడదని ఒప్పందంలో ఉంటే, జైలులో ఎలా పెడుతున్నారు?"

ఆ అధికరణం రెండువందల మైళ్ళ మండలంలో చేపల చట్టాలకే వర్తిస్తుందనీ, పన్నెండు మైళ్ళలోపల అయితే అనుమతి లేకుండా దేశంలో ప్రవేశించినట్టే లెక్క వేస్తారనీ, గీత తేలనిచోట పడవ ఎక్కడ ఉన్నదన్నదే వివాదమనీ చెప్పింది. తన ప్రశ్న పట్టుకోవడం గురించి కాదనీ, శిక్ష ముగిసిన తరువాత విడుదల ఎందుకు ఆలస్యమవుతున్నదన్నది తన ప్రశ్న అనీ చెప్పింది. ఇంగ్లీషు రెండుచోట్ల తడబడిందట. పెద్దలు ఆగి విన్నారట.

చివరికి ఒకావిడ అడిగింది: "ఈ విషయంలో నీకు స్వంత అనుభవం ఏమైనా ఉన్నదా?"

ప్రతిపాదనలో తండ్రి మాట ఎక్కడా రాయలేదు. రాస్తే జాలిపడి సీటిస్తారని స్నేహితులు చెప్పినా ఆమె ఒప్పుకోలేదు. అడిగారు కాబట్టి చెప్పింది.

"ఉన్నదండి. నాకీ ప్రశ్న ఎందుకు పుట్టిందో దానివల్ల తెలుస్తుంది. జవాబేమిటో దానివల్ల తెలియదు."

ఆగస్టు మొదటివారంలో సీటు వచ్చినట్టు తెలిసింది.

ఇక్కడితో ఆపితే చక్కని కథ. పనికివచ్చే సంగతి ఇంకొకటి చెప్పాలి. చేరిన వెంటనే ఫెలోషిప్ సొమ్ము చేతికి రాదు. చేరినట్టు పత్రాలు వెళ్ళాలి, బ్యాంకు ఖాతా సరిచూడాలి, విశ్వవిద్యాలయం ప్రతినెలా ధ్రువీకరించాలి. మొదటి వాయిదా రావడానికి కొన్ని నెలలు పట్టవచ్చు. తరువాత బకాయితో సహా వస్తుంది గాని, అంతదాకా హాస్టలు, భోజనం, పుస్తకాలు ఎవరు చూస్తారు? నాలుగు నెలల ఖర్చు చేతిలో ఉంచుకొని బయలుదేరాలని పిల్లలకు చెబుతుంటాను. ఈమె తండ్రికీ చెప్పాను.

ఆయన తల ఊపి వెళ్ళిపోయాడు. నాలుగు రోజుల తరువాత వచ్చి, ఈసారి కుర్చీలో కూర్చున్నాడు.

"వెరావల్ ఎల్తన్నాను బాబూ. యజమాని అడ్వాన్సు ఇచ్చినాడు. పిల్లకి సెప్పకండి, ఆగిపోద్ది."

2018 తరువాత ఆయన మళ్ళీ అటు వెళ్ళలేదు. ఆరేళ్ళుగా ఊళ్ళోనే తెప్పమీద దొరికినదానితో నెట్టుకొస్తున్నాడు. నేను లోపలికి వెళ్ళి చెక్కుబుక్కు తెచ్చాను. నెమ్మదిగా ఇవ్వవచ్చునని, ఎవరికీ చెప్పనక్కర్లేదని అన్నాను. ఆయన నవ్వాడు.

"మీకు అప్పయితే ఎలా తీరద్దో తెల్దు బాబూ. అడ్వాన్సయితే పన్జేస్తే తీరిపోద్ది."

నాలుగు నెలల ఖర్చు సంగతి చెప్పినవాణ్ణి నేను. అమ్మాయికి చెప్పకుండా ఉండిపోయినవాణ్ణీ నేనే. ఆ గీయని గీత దగ్గరికి ఆయనను పంపినది ఆ గీతమీద పరిశోధన చేయడానికి వచ్చే డబ్బు ఆలస్యం. ఇది ఎవరి తప్పని చెప్పను? కర్త దొరకని వాక్యం ఇది.

ఆగస్టు మూడోవారంలో రెండు రోజుల తేడాతో ఇద్దరూ బయలుదేరారు. అమ్మాయి రైలెక్కేటప్పుడు తండ్రి స్టేషనుకు వచ్చి, సంచీలో ఎండుచేపల పొట్లం పెట్టి, పక్కవాళ్ళు వాసన అంటే పారెయ్యమని చెప్పాడు. అంతకంటె ఏమీ మాట్లాడలేదు.

చేరిన పది రోజులకు ఆమె ఫోన్ చేసింది. లైబ్రరీ గురించి చెప్పింది, హాస్టలులో సాంబారు గురించి చెప్పింది. తరువాత కాసేపు ఊరుకొన్నది.

"అమ్మ చెప్పేసింది మాస్టారూ."

నేనేమనాలో తోచలేదు. కోపగించుకొంటుందనుకొన్నాను. కోపగించుకోలేదు.

"నాన్నకి ఫోన్ చేసి బోటు నంబరు అడిగాను. నోటుబుక్కు మొదటి పేజీలో రాసుకున్నాను. జనవరి ఒకటికి జాబితా వస్తుంది కదండీ" అన్నది.